డ్రయ్యర్ పుస్తకంలో నా వాక్యం

మా ఫ్యాక్టరీలో ఎర్ర పెన్ను నిషేధం. మందుల కంపెనీల్లో పనిచేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. లోపల ఏ కాగితం మీద ఏం రాసినా నీలం సిరాతోనే రాయాలి. పెన్సిల్ కుదరదు, వైట్‌నర్ మాటే ఎత్తకూడదు. తప్పు పడితే దాని మీద ఒకే ఒక గీత గీసి, పక్కన సంతకం పెట్టి, తేదీ వేసి, సరైనది రాయాలి. కొట్టేసిన తప్పు కూడా చదవడానికి వీలుగా ఉండాలి. నాలాంటి మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. ఇంగ్లిష్‌లో తప్పు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. కిష్టారెడ్డిపేటలో మేముండే అపార్ట్‌మెంటు లిఫ్టులో అతికించిన నోటీసును కూడా దిద్దాను. అసోసియేషన్ వాళ్లు సీసీ కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి మరీ నన్ను పట్టుకున్నారు. నోటీసు పాడుచేసినందుకు సంజాయిషీ రాసిమ్మని ఉత్తరం పంపారు. రాసిచ్చాను. వాళ్ల ఉత్తరంలో కూడా రెండు తప్పులున్నాయని చివర్లో చెప్పాను.

ఈ జబ్బు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన సంగారెడ్డిలో మిషన్ బడిలో ఇంగ్లిష్ టీచరు. ఇంట్లో రాత్రి భోజనం దగ్గర ఏది కావాలన్నా ఇంగ్లిష్‌లో, పూర్తి వాక్యంలో అడగాలి. "పికిల్" అంటే పచ్చడి రాదు. ఎవరికి కావాలి, ఏం కావాలి, ఎవరు ఇవ్వాలి, అన్నీ వాక్యంలో ఉండాలి, చివర ప్లీజ్ ఉండాలి. ఏడేళ్ల వయసులో ఒకరోజు మొండికేసి ఒట్టి పెరుగన్నం తిన్నాను. మర్నాడు ఆవకాయ కోసం ఒక్క తప్పు లేకుండా అడిగాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నా వాక్యంలో కర్తను, క్రియను వెతుక్కోవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆ గర్వం నాకు బాగానే ఉంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ గర్వం కాస్త దిగిన కథ.

పటాన్‌చెరు దాటాక ఉన్న ఆ కంపెనీలో నా ఉద్యోగం పుస్తకాలు చదవడం. ప్రతి యంత్రానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఆ పూట యంత్రం ఎలా నడిచింది, ఏం జరిగింది అని నడిపినవాళ్లు అందులో ఇంగ్లిష్‌లో రాస్తారు. మందు కొనేవాళ్లు బయటి దేశాలవాళ్లు కాబట్టి ఇంగ్లిష్. నేను రోజూ వచ్చి చదివి, కింద సంతకం పెడతాను. మొదట్లో ఆ పుస్తకాల్లో సగం పేజీలు డిటో గుర్తులే ఉండేవి. నిన్న రాసిందాని కింద రెండు చిన్న గీతలు గీస్తే ఇవాళ్టిది అయిపోయినట్టే. ఒకరోజు పైనుంచి ఆర్డరు వచ్చింది, ఇకనుంచి డిటో పెట్టడానికి వీల్లేదు, ప్రతిసారీ పూర్తి వాక్యం రాయాలి అని. ఆపరేటర్లు తలలు పట్టుకున్నారు. నేను ఉత్సాహంగా ప్రతి యంత్రం దగ్గరికీ వెళ్లి, కొత్త పుస్తకం మొదటి పేజీలో నా చేతివ్రాతతో ఒక నమూనా రాసి చూపించాను. "ది డ్రయ్యర్ వాస్ ఆపరేటెడ్ స్మూత్లీ. నో అబ్నార్మాలిటీ వాస్ అబ్జర్వ్‌డ్." డ్రయ్యర్ సాఫీగా నడపబడింది, తేడా ఏదీ గమనింపబడలేదు. చక్కటి వాక్యాలు. మా నాన్న చూస్తే భుజం తట్టేవాడు.

డ్రయ్యర్ అంటే తడి మందు పొడిని వేడిగాలితో ఆరబెట్టే పెద్ద స్టీలు పాత్ర. దాన్ని పదకొండేళ్లుగా నడుపుతున్న పెద్దమనిషిని ఫ్యాక్టరీలో అందరూ కాక అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అవతల ఊరు ఆయనది, రెండెకరాల పొలం ఉంది. మొదటి షిఫ్టు చేసి, బస్సులో ఇంటికి పోయి, మళ్లీ పొలానికి పోయేవాడు. డ్రయ్యర్‌కు మీటర్లు చాలా ఉన్నాయి కానీ ఆయన ముందు అరచెయ్యి ఆనించి చూసేవాడు, తర్వాతే మీటరు వైపు తిరిగేవాడు. రెండూ ఒకటే చెబితే మీటరు బాగుందని తలూపేవాడు. ఆయన చేతివ్రాత ముత్యాల్లా ఉండేది. ఆ పేజీలు చదవడానికి నాకు క్షణం పట్టేది. ఎప్పుడూ ఒక్క తప్పూ దొరకలేదు. మూడేళ్లు ఆ పేజీల కింద సంతకాలు పెడుతూ, ఈయనొక్కడైనా ఇంగ్లిష్ నేర్చుకున్నాడు అని మురిసిపోయాను.

తర్వాత జ్వరాల వారం వచ్చింది. అది వానాకాలం. ఒకే వారంలో పదకొండు మంది సెలవు చీటీలు పెట్టారు. అందరికీ జ్వరమే. ఆఫీసులో సెలవులు చూసే ఆయన భయపడిపోయాడు, డెంగీ ఏమోనని. పొగ కొట్టేవాళ్లను పిలిపించాడు. క్యాంటీన్ వెనక నీళ్ల తొట్లన్నీ బోర్లించారు. సెలవు నుంచి తిరిగొచ్చిన పదకొండు మందినీ వరసగా కూర్చోబెట్టి రక్తం తీయించారు. అందరూ నోరెత్తకుండా చేతులు చాచారు. ఫలితాలు వచ్చాయి, ఒక్కరికీ ఏమీ లేదు. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, గేటు దగ్గర గదిలో బల్ల మీది అద్దం కింద ఎవరో ఎప్పుడో పెట్టిన ఒక సెలవు చీటీ ఉంది, జ్వరంతో బాధపడుతున్నాను కనుక సెలవు ఇప్పించగలరు అని. మంచి ఇంగ్లిష్‌లో ఉంది. ఎవరికి ఏ పని పడినా దాన్నే దించుకుంటారు. ఆ పదకొండు మందిలో ఇద్దరికి ఇంట్లో పెళ్లి, ఒకతనికి గృహప్రవేశం, మిగతావాళ్లకు వరినాట్లు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టేసి లోపలికి రావాలి కాబట్టి వాటిలో చూసి రాసుకునే దారీ లేదు.

కాక కూడా ఆ వరసలో ఉన్నాడు. మోచేతి లోపల దూది అదుముకుని నా ముందు నుంచి పోతూ చెప్పాడు. "నాట్లని ఇంగ్లీషుల రాసుడు రాక నెత్తురిచ్చిన మేడం."

నేను కడుపుబ్బ నవ్వాను. ఆయన చీటీ అలా ఎందుకు రాశాడో తెలుసుకున్నాను కానీ, ఆయన డ్రయ్యర్ పుస్తకం ఎలా రాస్తున్నాడో అడగాలని తట్టలేదు. నా తెలివి అంతవరకే.

జ్వరాల వారం పుణ్యమా అని ఆపరేటర్లకు ఇంగ్లిష్ క్లాసు పెట్టాలని మేనేజరు గారు తీర్మానించారు. ఎవరు చెబుతారని అడగకముందే చెయ్యెత్తాను. మొదటి షిఫ్టు రెండింటికి దిగుతుంది, బస్సు మూడింటికి. మధ్యలో క్యాంటీన్‌లో క్లాసు. బోర్డు వేరే లేదు, క్యాంటీన్‌లో కూరల పేర్లు రాసే నల్లబోర్డే గతి. నేను పప్పు, ఆలుగడ్డ తుడిచేసి సబ్జెక్ట్, వర్బ్, ఆబ్జెక్ట్ అని రాసేదాన్ని. రెండో షిఫ్టువాళ్లు తినడానికి వచ్చి బోర్డు చూసి, ఇవాళ ఏమీ వండలేదా అని అడిగేవాళ్లు. క్యాంటీన్ ఆయన నా మీద ఫిర్యాదు కూడా చేశాడు.

నాన్న చెప్పినట్టే చెప్పాను. కాలాలు మూడు, ఒక్కొక్కదానికి నాలుగు రూపాలు, మొత్తం పన్నెండు గళ్లు గీసి నింపాను. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది, ఇంగ్లిష్‌లో మధ్యలోకి వస్తుంది అని చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. ఒడిశా నుంచి వచ్చిన ఒకతను మాత్రం ఏ గడినీ లెక్కచేయలేదు. "ఎస్టర్‌డే ఐ గో, టుమారో ఐ గో" అని ధైర్యంగా మాట్లాడేవాడు, అతను చెప్పింది అందరికీ అర్థమయ్యేది. నాకు ఒళ్లు మండేది. కాక వెనక బెంచీలో కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా నోటుబుక్కులో ఎక్కించుకునేవాడు. ఒకరోజు ఆ నోటుబుక్కు తీసి చూశాను. పన్నెండు గళ్లూ స్కేలుతో గీసి నింపాడు. కింద మూలన మజ్జిగ అని కూడా రాసుకున్నాడు. బోర్డు మూలన నేను తుడవడం మరిచిన మాట అది. అదేంటి కాకా అంటే, బోర్డు మీద ఉన్నదే కదా అన్నాడు. ఇంటికెళ్లి మావారికి చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మజ్జిగ దగ్గరే నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది.

దసరా అయిన కొద్ది రోజులకు, మా మందు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒక ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. నెమ్మదిగా మాట్లాడేది, మనకు అర్థమవుతుందా లేదా అని ఆగి చూసేది. మొదటిరోజు మధ్యాహ్నం మరమ్మతుల విభాగం రిజిస్టరు, డ్రయ్యర్ పుస్తకం పక్కపక్కన పెట్టమంది. ఫైళ్లు అందించడం నా పని, ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఒక తేదీ దగ్గర వేలు పెట్టి ఆగింది. మరమ్మతుల రిజిస్టరు ప్రకారం ఆ రెండు రోజులూ డ్రయ్యర్ బందు, విప్పి కింద పరిచారు. డ్రయ్యర్ పుస్తకం ప్రకారం ఆ రెండు రోజులూ అది సాఫీగా నడపబడింది, తేడా ఏదీ గమనింపబడలేదు.

ఆమె పేజీలు తిప్పుతున్నకొద్దీ అదే వాక్యం. కరెంటు పోయిన రోజూ అదే, ఆరబెట్టడానికి మందు లేక డ్రయ్యర్ ఖాళీగా ఉన్న రోజూ అదే, చుక్క తేడా లేదు. ప్రతి పేజీ కిందా నా సంతకం. వాక్యంలో తప్పు లేదు కదా అని నేను సంతకం పెడుతూ పోయాను. డ్రయ్యర్ నిజంగా నడిచిందా అని ఒక్కసారి కూడా చూడలేదు.

కాకను పిలిపించారు. నీలం టోపీ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఈ వాక్యం మీకు ఎవరు రాసిచ్చారని ఆమె అడిగింది. మేనేజరు గారు తెలుగులో చెప్పారు. కాక నా వైపు చూడలేదు. కావాలనే చూడలేదని ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

"ఎవ్వలియ్యలే సార్. నేనే రాసిన."

నేనే రాసిచ్చానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఏ కాలంలో, ఏ రూపంలో ఎలా చెప్పాలో ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. ఫైలు అంచులు సరిచేస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ ఆ నిమిషం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె తన పుస్తకంలో రాసుకుంది. మూడు నెలల తర్వాత మళ్లీ వస్తాను, యంత్రం నడిపే మనిషి జరిగింది జరిగినట్టు తన మాటల్లో రాయాలి, లేకపోతే ఆ మనిషి ఆ యంత్రం మీద ఉండకూడదు అంది. ఆమె వెళ్లిపోయాక మేనేజరు గారు మిగతా యంత్రాలు నడిపే కుర్రవాళ్ల గురించి బెంగపడలేదు. వాళ్లు ఐటీఐ చదివారు, గట్టిగా అడిగితే రాస్తారు. కాకను మాత్రం గోడౌన్‌కు పంపిద్దామన్నారు, డబ్బాల మీద లేబుళ్లు అతికించడానికి. మూడు నెలలు ఆగండి, నేను నేర్పిస్తాను అన్నాను. నమూనా సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

మర్నాడు బస్సు దగ్గర కాకను పట్టుకున్నాను. నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీది కొలువు గదా బిడ్డా. నేను రాసుడు నేనే రాసిన, నువ్వు నా చెయ్యి పట్టి రాపియ్యలే." మేడం అనే మనిషి మొదటిసారి బిడ్డా అన్నాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పాడు. "గా రెండు దినాలు డ్రయ్యర్ బందున్నదని నాకెర్కనే. బందున్నదని ఇంగ్లీషుల ఎట్ల రాయాల్నో ఎర్కలే. డిటో వద్దంటిరి. తప్పు రాస్తె నవ్వుతరు. నీ మాటైతె తప్పుండదని రాసిన."

గోడౌన్‌కు పోవడం ఇష్టమేనా అని అడిగాను. ఆయన బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. డబ్బాలు సప్పుడు చెయ్యవు బిడ్డా, నాకు అక్కడ పొద్దుపోదు అన్నాడు.

ఆదివారం సంగారెడ్డి వెళ్లాను. చర్చి నుంచి వస్తూ నాన్నకు అంతా చెప్పాను, నేను నోరు మూసుకున్న సంగతితో సహా. ఆయన తిడతాడనుకున్నాను. పన్నెండు గళ్లు చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నాను. పకపకా నవ్వాడు. నీకు గళ్లతో ఇంగ్లిష్ రాలేదు, ఆవకాయతో వచ్చింది, అడగాల్సిన అవసరం పడింది కాబట్టి వాక్యం వచ్చింది, ఆ పెద్దాయనకు చెప్పాల్సింది ఏముందో ముందు వినలేదా అన్నాడు. వినలేదు. మూడేళ్లలో ఒక్కసారీ వినలేదు.

సోమవారం బోర్డు జోలికి పోలేదు. పప్పు, ఆలుగడ్డ అలాగే ఉంచాను. కాకకు టీ తెప్పించి, ఇవాళ డ్రయ్యర్ దగ్గర ఏం జరిగింది కాకా అని అడిగాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పొద్దుగాల గాలి తక్కువొచ్చింది. సంచి ఇప్పి దులిపిన. మల్ల సక్కగయింది."

సంచి అంటే డ్రయ్యర్ లోపల పొడి బయటికి పోకుండా గాలిని వడకట్టే గుడ్డసంచి. మూడు వాక్యాలు. ఏది ముందు, ఏది వెనక, ఎవరు చేశారు, ఏమైంది, అన్నీ ఉన్నాయి. వాక్యం కట్టడం ఆయనకు నేను నేర్పేదేమిటి. నా నమూనాలో డ్రయ్యర్ నడపబడింది, తేడా గమనింపబడలేదు, మనిషి మాత్రం ఎక్కడా లేడు. ఈయన మాటల్లో సంచి విప్పిన చెయ్యి కూడా కనబడుతోంది.

ఆ రోజు నుంచి మా పాఠానికి రెండే ప్రశ్నలు. ఎవరు? ఏం చేశారు? ముందు తెలుగులో చెప్పించుకునేదాన్ని, తర్వాత మాటల్ని ఇంగ్లిష్ వరసలో పెట్టేవాళ్లం. ఎవరు అన్నది ముందు, ఏం చేశారన్నది దాని వెంటనే, దేన్ని అన్నది ఆ తర్వాత. ఆయన చేతులు రోజూ చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాశాం. విప్పాను, మూశాను, దులిపాను, ఆపాను, చెప్పాను, ఆగాను. ముప్పై మాటలయ్యాయి. ఒక ఆపరేటర్ బతుక్కు ముప్పై క్రియలు చాలని నాకు అప్పుడే తెలిసింది. ఒడిశా అతను కూడా వచ్చి కూర్చుని, కాక ఆగిపోయినచోట తన ఇంగ్లిష్‌తో ముందుకు తోసేవాడు. అతని ధైర్యం నా పన్నెండు గళ్లకంటే బాగా పనిచేసింది.

కాక మొదటిసారి సొంతంగా రాసిన రోజు డ్రయ్యర్ గదికి నేనే వెళ్లాను. పావుగంట పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "ఎయిర్ ఈజ్ లో. ఐ ఓపెన్డ్ బ్యాగ్. ఐ క్లీన్డ్ బ్యాగ్. నౌ ఎయిర్ గుడ్." ముత్యాల్లాంటి అక్షరాలు కాస్త వంకరపోయాయి. నాలుగు వాక్యాల్లో నాలుగు తప్పులు లెక్కపెట్టాను. అలవాటు ఎక్కడికి పోతుంది. కానీ చదువుతుంటే డ్రయ్యర్ కళ్లకు కట్టింది. నీలం సిరాతో కింద సంతకం పెట్టాను, దేన్నీ ముట్టుకోలేదు. ఆ సాయంత్రం బస్సులో ఊరికే నవ్వుకుంటూ కూర్చుంటే పక్కావిడ ఏమైందని అడిగింది.

ఇన్‌స్పెక్టరమ్మ మళ్లీ రావడానికి మూడు వారాలుందనగా అసలు ముచ్చట జరిగింది. పొద్దున పుస్తకాల మీద సంతకాలు పెట్టుకుంటూ డ్రయ్యర్ దగ్గరికి వచ్చాను. కాక అరచెయ్యి యంత్రానికి ఆనించి, తల ఒక పక్కకు వంచి నిలబడి ఉన్నాడు.

"జెర చెయ్యి పెట్టి సూడు బిడ్డా. సప్పుడు వేరే వస్తున్నది."

పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, ఎప్పట్లాగే ఊగుతోంది. చెవి పెట్టి విన్నాను. నాకేమీ తేడా తెలియలేదు. మీటర్లన్నీ మామూలుగానే ఉన్నాయి. ఏమీ లేదు కాకా, ఊరికే అనుమానం అన్నాను. ఆ మందు మధ్యాహ్నానికి బయటికి పోవాలి. కారణం చూపించకుండా యంత్రం ఆపితే, ఇన్‌స్పెక్షన్ ముందర నీకే ఇబ్బంది అని కూడా చెప్పాను. ఆయన తలూపాడు. తలూపి, వెళ్లి డ్రయ్యర్ ఆపేశాడు. మరమ్మతులవాళ్లు గొణుక్కుంటూ వచ్చి, గాలి కొట్టే మోటారు విప్పారు. లోపల బేరింగు పగిలి ఉంది. ఇంకో గంట నడిస్తే ముక్కలయ్యేదట.

షిఫ్టు దిగే వేళకు పుస్తకం తెరిచాను. ఇలా రాసి ఉంది. "ఐ హర్డ్ న్యూ సౌండ్. ఐ టోల్డ్ మేడమ్. మేడమ్ డిడ్ నాట్ బిలీవ్ మీ. ఐ స్టాప్డ్ డ్రయ్యర్. బేరింగ్ వాస్ బ్రోకెన్."

ముందు కోపం వచ్చింది, దాచడం ఎందుకు. నేను నేర్పిన ఇంగ్లిష్‌తో నన్నే పుస్తకానికి ఎక్కించాడు. మేడమ్ లేకుండా ఆ మాట ఎలా రాయవచ్చో నాకు వెంటనే తట్టింది. ఇట్ వాస్ నాట్ బిలీవ్డ్. నమ్మబడలేదు. ఎవరు నమ్మలేదో దేవుడికి కూడా తెలియదు. మనుషుల్ని అలా మాయం చేయడంలో నాకు మంచి అనుభవం ఉంది. ఈ మాట ఇక్కడ అవసరమా కాకా అని అడిగాను.

"ఎవరు, ఏం చేసిండ్రు? నువ్వే అడుగుమన్నవ్ గదా." ఆయన ముఖంలో వెటకారం లేదు. పాఠం సరిగ్గా అప్పజెప్పిన మనిషి ముఖం అది.

కొట్టేయమంటే కొట్టేసేవాడేమో. గీత కింద మాట కనబడుతూనే ఉంటుంది, పక్కన సంతకం, తేదీ. ఆ వాక్యంలో ఎంత వెతికినా ఒక్క తప్పు దొరకలేదు. కింద సంతకం పెట్టాను. ఆ మూడు వారాలూ ఆ పేజీ ఆమెకు కనబడకూడదని కోరుకున్నాను, నిజం చెబుతున్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఆమె వచ్చింది. అదే గది, అదే బల్ల. నేను ఎదురుగా ఫైళ్లతో. కాక తలుపు దగ్గర, ఈసారి టోపీ నెత్తి మీదే ఉంది. డ్రయ్యర్ పుస్తకం తెరిచి ఆమె చాలాసేపు చదివింది. ఒక్కో పేజీ తిప్పుతుంటే మేనేజరు గారి నుదురు తడుస్తోంది. వ్యాకరణం కాస్త అటూఇటూగా ఉందని ఆయన సర్దిచెప్పబోయారు. ఆమె చెయ్యెత్తి ఆపింది. పగిలిన బేరింగు పేజీ వచ్చింది. ఆమె ఆ మాటలు పైకి చదివింది. చదివి, కళ్లద్దాలు తీసి, మా అందరి వైపూ చూసింది.

"హూ ఈజ్ దిస్ మేడమ్?"

మేనేజరు గారికి తెలియదు. కాకకు తెలుసు, ఆయన మళ్లీ నేల చూపు చూస్తున్నాడు. ఇంకో క్షణం ఆగితే ఆ తప్పు కూడా ఆయనే నెత్తినెత్తుకునేవాడు.

నేను లేచి నిలబడ్డాను. ఆ మేడమ్‌ను నేనే అన్నాను. మూడేళ్లపాటు ఆయన రాసిన పాత వాక్యం కూడా నాదే, మొదటి పేజీలో నేనే రాసిచ్చాను, పోయినసారి మీరు అడిగినప్పుడు నేను చెప్పలేదు అన్నాను. ఇంగ్లిష్‌లోనే చెప్పాను, ఎక్కడెక్కడ తప్పులు పోయాయో నాకు గుర్తులేదు. మేనేజరు గారు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. ఆ సాయంత్రం ఆయన దగ్గర తిట్లు తిన్నాను, సంజాయిషీ రాసిచ్చాను. లిఫ్టు నోటీసు తర్వాత నేను రాసిన రెండో సంజాయిషీ అది. ఈసారి ఎవరి తప్పులూ ఎత్తిచూపలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ కాకను దగ్గరికి పిలిచి, బేరింగు ఉన్నచోట బొమ్మ గీసి చూపించమంది. ఆయన గీశాడు. ఆమె తన పుస్తకంలో ఏదో రాసుకుని, డ్రయ్యర్ పుస్తకం మూసి ఆయన చేతికే ఇచ్చింది. ఈ యంత్రం మీద ఈ మనిషే ఉండాలని మేనేజరు గారితో అంది. ఆయన తెలుగులో చెప్పబోతే కాక అక్కర్లేదన్నట్టు తలూపాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎవరూ అడగకుండానే, ఆమెకు వినబడేలా ఇంగ్లిష్‌లో ఒక మాట అన్నాడు.

"నౌ మేడమ్ బిలీవ్స్."

ఆమె నవ్వగా చూడడం మాకదే మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగి, ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ ఉండిపోయాను. కాక పుస్తకం చంకలో పెట్టుకుని, షిఫ్టు ఇంకా ఉందని చెప్పి డ్రయ్యర్ దగ్గరికి వెళ్లిపోయాడు.